పాలు ఎటు పోయాయి?



మేము మూడవ తరమువారము. పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకొన్నాము. మాటలో తడబాటు ఉంటే మన్నించండి.

1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు త్రాగుతున్నాడన్న వార్త ఢిల్లీలో లేచింది. టెలిఫోనుల మీద అమెరికా దాకా వచ్చింది. న్యూయార్కు మొదలగు నగరాలలోని గుళ్ళలో జనం పాలు, చెంచాలు పట్టుకొని బారులు తీరారు. ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి చూపించారు. నిండు చెంచాను వంచి విగ్రహానికి తాకిస్తే, తలతన్యత వలన పాలు చెంచా అంచు నుండి లాగబడి, పలుచని పొరగా విగ్రహం మీదుగా క్రిందికి జారతాయి. తెల్లని పాలు జారినట్లు కంటికి ఆనవు. రంగు పాలు ఆనాయి.

ఈ మాట చెప్పినందుకు మా ఇండ్లలో కోపాలు వచ్చాయి. కారణం మాకు తెలియక పోలేదు. మన దేవుడు కూడ సముద్రం దాటి మన దగ్గరకు వచ్చాడని ఒక్క నిదర్శనం కావాలని పెద్దల తపన. దానిని మేము ఎగతాళి చేయము.

అంతరిక్షం నుండి తీసిన ఫొటోలు చూపి, రామసేతువును నాసా ఋజువు చేసిందని 2002లో ప్రచారం జరిగింది. ఫొటోను బట్టి అది ఎన్నాళ్ళనాటిదో, మనుషులు కట్టినదో కాదో చెప్పలేమని నాసా వారే అన్నారు. ఆ రెండవ మాట మన ఇండ్లకు రానే లేదు!

బడిలో నీటి మీద గుండుసూది తేల్చి తలతన్యత నేర్చుకొన్న పిల్ల ఇంటికి వచ్చి పాల సంగతి అడుగుతుంది. "అలా అనకు, కళ్ళు పోతాయి" అంటాము. ఆ పిల్ల మళ్ళీ అడగదు. కొన్నాళ్ళకు గుడికీ రాదు. అలా రాకుండా పోయినవారిని మేము మా తరగతులలోనే చూశాము.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు దేవుణ్ణి వదిలినవారు కారు. 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టినది ఆయనే. అంతకు ముందు, 1874లో ప్రారంభించిన వివేకవర్ధనిలో మూఢనమ్మకాలను ఎండగట్టినదీ ఆయనే. 1881లో వితంతు వివాహం చేయించి వెలికి కూడ గురి అయ్యారు. పిల్లలకు ఆయన పేరు చెప్పి, ఆయన చేసిన పని చెప్పకుంటే ఎట్లా?

రేపు ఉదయం పది గంటలకు పిల్లల గదిలో రాతి బొమ్మ, చెంచా, ఎర్రరంగు కలిపిన పాలు పెడతాము. పెద్దలు కూడ దయచేయండి. అది అయిన తరువాత ప్రక్క గదిలో వినాయక పూజ. ప్రసాదానికి ఉండ్రాళ్ళు చేయగల తల్లులు ఈ రాత్రికే పేరు ఇవ్వగోరుతాము.