వంటపాత్రల ఎంపికలో మెళకువలు



కొత్తగా కాపురం పెట్టేవాళ్ళకీ, ఆడపిల్లకు సారె సామాను కొనేవాళ్ళకీ, సొట్టలు పడ్డ పాత గిన్నెలు మార్చుకుందామనుకునేవాళ్ళకీ పనికివచ్చే నాలుగు మాటలు ఈ రోజు చెప్పుకుందాం. బొయిపరిగుడ సంతలో అయినా, జయపురం బజారులో అయినా, గుప్తేశ్వరం శివరాత్రి జాతరలో అయినా గిన్నెల దుకాణం ముందు నిలబడినప్పుడు మనం మొదట చూసేది మెరుపు. తరువాత అడిగేది ధర. ఆ పైన చేత్తో ఎత్తి బరువు చూస్తాం. ఈ మూడూ చూడవలసినవే. అయితే వీటికంటే ముందు మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ గిన్నెలో ఏం వండుతాను? వండినది ఎన్ని గంటలు ఇందులోనే ఉంచుతాను? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఏ లోహం కొనాలో దానంతట అదే తేలిపోతుంది.

దుకాణంలో ఏడు గిన్నెల సెట్టు, తొమ్మిది గిన్నెల సెట్టు అని అమ్ముతుంటారు. ఒకదానిలో ఒకటి అమిరి చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కాని అన్నీ ఒకే లోహం, ఒకే మందం. మన వంట అలా ఒకే తీరుగా ఉండదు కదా! అన్నం వార్చటం వేరు, చింతపండు పులుసు కాచటం వేరు, బూరెలు వేయించటం వేరు. సెట్టులో సగం గిన్నెలు కొన్నాళ్ళకు అటకెక్కుతాయి. అదే డబ్బుతో మూడు నాలుగు గిన్నెలు విడివిడిగా, పనికి తగినట్టు కొనుక్కోవటం మేలు.

మన ప్రాంతపు వంటలో ఒక విశేషం ఉంది. ఒడియాలో మండియా అనే చోళ్ళు ఇక్కడి ముఖ్యమైన ఆహారం. చోడి పిండి నానబెట్టి, నూక వేసి అంబలి కాచి, రాత్రంతా ఉంచి మర్నాడు తాగుతాం. పొలానికి వెళ్ళే మనిషికీ, బడికి వెళ్ళే పిల్లవాడికీ అదే పొద్దుటి బలం. అంబలి నిలవ ఉన్నకొద్దీ పులుస్తుంది. పులుపు అంటే ఆమ్లం. ఆమ్లానికి లోహాన్ని మెల్లమెల్లగా కరిగించే గుణం ఉంది. పది నిమిషాలు పొయ్యి మీద ఉండే కూర కంటే పన్నెండు గంటలు గిన్నెలో కూర్చునే అంబలి గురించి మనం ఎక్కువగా ఆలోచించాలి. పెద్దలు అంబలిని మట్టి కుండలో ఉంచేవారు, పొలానికి ఎండు సొరకాయ బుర్రలో పట్టుకుపోయేవారు. ఆ రెండింటికీ పులుపుతో పేచీ లేదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ చోటు సిల్వరు డేగిసాకు దక్కింది.

మనం సిల్వరు అని, సత్తు అని పిలిచేది నిజానికి అల్యూమినియం. ఈ లోహం పుట్టిల్లు మన జిల్లాయే అనవచ్చు. పంచపట్మాలి కొండ మీద బాక్సైట్ ఖనిజం తవ్వుతారు. 1981లో ఏర్పడిన నాల్కో సంస్థ దాన్ని దామన్‌జోడిలో శుద్ధి చేసి అల్యూమినా అనే తెల్లటి పొడిగా మారుస్తుంది. ఆ పొడి కొంత అంగుల్‌కు పోయి అక్కడ లోహమవుతుంది, కొంత విశాఖపట్నం రేవు మీదుగా విదేశాలకు పోతుంది. అల్యూమినియం తేలిక, చవక, త్వరగా వేడెక్కుతుంది. అన్నం వండటానికి, నీళ్ళు కాచటానికి, పాలు పొంగించటానికి మంచి అల్యూమినియం గిన్నెతో ఇబ్బంది లేదు. పులుపు పదార్థాలు వండటానికీ, ముఖ్యంగా నిలవ ఉంచటానికీ అది తగదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఒంట్లో చేరిన అల్యూమినియాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే.

అల్యూమినియంలో కూడా రకాలున్నాయి. శుద్ధమైన రేకును అచ్చులో నొక్కి చేసిన గిన్నెలు ఒక రకం. పాత ఇంజను ముక్కలు, విరిగిన సామాన్లు, తుక్కు అన్నీ కలిపి కరిగించి పోత పోసిన గిన్నెలు మరో రకం. భయపడవలసింది ఈ రెండో రకానికి. తుక్కులో సీసం కలిసి ఉండవచ్చు. పది దేశాల నుంచి తెచ్చిన 42 అల్యూమినియం పాత్రలను పరీక్షించిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. వాటిలో పులుపు ద్రవం కాచి చూస్తే చాలా పాత్రల నుంచి సీసం దిగింది. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దిగుమతి అయిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిందాలియం తరహా పాత్రల నుంచి సీసం ఆహారంలోకి దిగే ప్రమాదం ఉందని హెచ్చరించింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు పరవాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రుచికీ, వాసనకూ అది తెలియదు. అందుచేత కొనేటప్పుడే జాగ్రత్తపడాలి.

ఎలా జాగ్రత్తపడాలి? గిన్నె అడుగున ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందేమో చూడండి. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఈ ముద్ర తప్పనిసరి చేసినట్టు భారతీయ ప్రమాణాల సంస్థ 2024లో ప్రకటించింది. స్టీలు పాత్రలకు ఐ.ఎస్. 14756, అల్యూమినియం పాత్రలకు ఐ.ఎస్. 1660 అనే నంబర్లు ఉంటాయి. ముద్ర గాని, తయారుచేసినవారి పేరు గాని లేకుండా, గరుకుగా, సన్నటి రంధ్రాలతో ఉన్న పోత గిన్నె ఎంత చవకగా వచ్చినా వంటకు వద్దు.

ఇంకో సంగతి. నీళ్ళు కాగిన సిల్వరు గిన్నె లోపల నల్లబడుతుంది. అది మురికి అనుకుని చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేదాకా తోముతాం. ఆ నలుపు వల్ల హాని లేదు. పైపెచ్చు లోహం మీద అదొక పొర. దాన్ని రోజూ గీకితే లోహమే అరిగి తిండిలో కలుస్తుంది. మెత్తటి పీచుతో కడిగితే చాలు.

ఇంతకీ అంబలి దేనిలో ఉంచాలి? మొదటి మాట మట్టి కుండ. కొనేటప్పుడు వేలితో కొట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలినది. బొద్దుగా మోగితే కాలనిదో, పగులున్నదో. నీళ్ళు పోసి చెమ్మ చూడండి. లోపల రంగు గాని, మెరుగు పూత గాని వేసినది వద్దు. కొత్త కుండను ఒక రోజు నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి పారబోసి, ఆ తరువాత వాడుకోవాలి. కుండతో కుదరని ఇంట్లో మూత ఉన్న మంచి స్టీలు గిన్నె వాడవచ్చు. రంగులు అమ్మిన ప్లాస్టిక్ డబ్బాలను కడిగి వాటిలో వేడి అంబలి పోయటం మాత్రం మానుకోవాలి. అవి తిండి కోసం చేసినవి కావు. చింతపండు పులుసుకూ, చారుకూ ఇదే సూత్రం. పాతకాలపు రాచ్చిప్ప ఇంట్లో ఉంటే పారేయకండి. పులుసుకు అంతకు మించినది లేదు.

ఇక స్టీలు. అన్ని స్టీళ్ళూ ఒకటి కావు. 304 అనే రకంలో నూటికి సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ ఉంటాయి. పులుపుకూ, ఉప్పుకూ బాగా తట్టుకుంటుంది. 201, 202 రకాల్లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. చవకే, కాని ఉప్పు తగిలి మచ్చలు పడే అవకాశం ఎక్కువ. కొందరు అయస్కాంతం అంటకపోతే అసలైన స్టీలు అంటారు. అది సగం నిజం. 304కూ అంటదు, 202కూ దాదాపు అంటదు. కనుక అయస్కాంతం మీద భారం వేయక, “బాబూ, ఇది ఏ గ్రేడు? బిల్లు మీద రాసిస్తావా?” అని అడగండి. రాసిచ్చే దుకాణంలో కొనండి.

మందం గేజిలో చెబుతారు. ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది. గేజి అంకె పెరిగినకొద్దీ రేకు పలచబడుతుంది. 18 గేజి రేకు సుమారు 1.2 మిల్లీమీటర్లు, 22 గేజి రేకు సుమారు 0.7 మిల్లీమీటర్లు. పలచని స్టీలు గిన్నెలో పప్పు అడుగంటుతుంది, ఎందుకంటే స్టీలులో వేడి సమంగా పాకదు. అడుగున దళసరి పలక అతికించినది తీసుకోండి. బొటనవేలితో గోడ నొక్కి చూడండి, లొంగకూడదు. చదునైన బల్ల మీద పెట్టి చూడండి, ఊగకూడదు. పిడులకు వేసిన రివిట్లు కదలకూడదు. అంచు మీద వేలు నడిపిస్తే గీరుకోకూడదు. పాత చీరలకు మారుగా గుమ్మంలోకి వచ్చే స్టీలు గిన్నెలు చాలావరకు పలచనివి. సరుకు పోసుకోవటానికి సరే, పొయ్యి మీదకు వద్దు.

ఇప్పుడు మనం చిన్నచూపు చూస్తున్న ఇనుము సంగతి. ఇనప మూకుడు, అట్ల పెనం, ఇనప చట్టి ఇంటి నుంచి మెల్లగా కనుమరుగవుతున్నాయి. తుప్పు పడతాయని, బరువని, కూర నల్లబడుతుందని మానేస్తున్నాం. రక్తహీనత మన ఆడవాళ్ళలో, పిల్లల్లో ఎక్కువగా కనిపించే లోపం. ఇనప పాత్రలో వండితే కొద్దిగా ఇనుము తిండిలోకి వస్తుంది. ఇథియోపియా దేశం కూడా మనలాగే చిరుధాన్యాలు తినే దేశం. అక్కడ కొన్ని ఇళ్ళకు ఇనప గిన్నెలు, కొన్ని ఇళ్ళకు అల్యూమినియం గిన్నెలు ఇచ్చి ఒక ఏడాది పాటు పిల్లలను గమనించారు. ఇనప గిన్నెలో వండి పెట్టిన పిల్లల్లో రక్తం మెరుగుపడింది. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. డాక్టరు ఇచ్చిన మాత్రలకు ఇది బదులు కాదు గాని, రోజూ చేసే ఆకుకూర ఇనప మూకుట్లో వేయిస్తే నష్టం లేదు, లాభమే. వండగానే వేరే గిన్నెలోకి తీసేయాలి. కడిగి, తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, రెండు చుక్కల నూనె రాస్తే తుప్పు దగ్గరకు రాదు. పోత ఇనుము కింద పడితే పగులుతుంది. కొనేటప్పుడే గరిటెతో తట్టి శబ్దం వినండి.

ఇత్తడి, కంచు మన ఇళ్ళకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా బుడితి గ్రామం ఈ పనికి పేరు పొందింది. రాగి, జింకు కలిస్తే ఇత్తడి. రాగి, తగరం కలిస్తే కంచు. ఇత్తడి గిన్నెలో వండాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరపు పూత. తెల్లటి పూత చెరిగి పసుపు రంగు కనబడితే మళ్ళీ వేయించాలి. చవక కోసం తగరంలో సీసం కలిపేవాళ్ళు ఉన్నారు కనుక తెలిసినవారి చేతనే వేయించండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నెను పొయ్యి మీద వదిలేస్తే పూత పోతుంది. చిలుమెక్కిన పాత్రలో పెరుగు, పులుసు పోయరాదు.

కొండప్రాంతం వాళ్ళకు కుక్కరు అవసరం కాస్త ఎక్కువ. ఎత్తుకు పోయినకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. విశాఖ తీరంలో 100 డిగ్రీలకు మరిగే నీళ్ళు కొరాపుట్ పట్టణంలో సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. దేవమాలి శిఖరం మీద 95 కూడా ఉండదు. మరిగే నీళ్ళు ఆ పైన వేడెక్కవు కనుక కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, కట్టెలు మాత్రం అయిపోతాయి. కుక్కరులో ఆవిరి ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దరిదాపులకు పోతుంది. కుక్కరు మీద ఐ.ఎస్. 2347 ముద్ర తప్పక చూడండి. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఆ ముద్ర లేని ఇంటి కుక్కరు అమ్మటం చట్టవిరుద్ధం. పప్పు సగానికి మించి పోయకండి. రబ్బరు, సేఫ్టీ వాల్వు ఆ కంపెనీవే వేయించండి.

పొయ్యిని బట్టి కూడా గిన్నె మారుతుంది. మూడు రాళ్ళ పొయ్యి మీద గుండ్రటి అడుగున్నది మంటను బాగా పట్టుకుంటుంది. గ్యాసు పొయ్యి మీద చదునైనదే నిలుస్తుంది. కరెంటు ఇండక్షన్ పొయ్యికి అడుగున అయస్కాంతం అంటే గిన్నె మాత్రమే పనికివస్తుంది. ఏ గిన్నెకైనా సరిపోయే మూత ఉండాలి. మూత లేని గిన్నె కట్టెలను తినేస్తుంది. నాన్‌స్టిక్ పెనం కొంటే చెక్క గరిటె వాడండి, ఖాళీగా వేడి చేయకండి, పొర లేచిపోతే మార్చేయండి.

అయిదుగురు ఉన్న ఇంటికి డబ్బు తక్కువగా ఉంటే ఏ వరసలో కొనాలి? ముందు అంబలికి, పులుసుకు మట్టి కుండ గాని, మంచి స్టీలు గిన్నె గాని మూతతో సహా. తరువాత ఇనప మూకుడు. ఆ పైన అయిదు లీటర్ల కుక్కరు. పాత సిల్వరు తపేలా మంచిదైతే అన్నానికి, నీళ్ళకు ఉంచుకోండి. మిగతావి చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక్కొక్కటిగా చేరతాయి. ఇంకో చిన్న మాట. గిన్నె మీద పేరు చెక్కించటం మనకు సరదా. నీళ్ళు పోసి, ఊపి, నొక్కి చూసుకున్న తరువాతే చెక్కించండి. పేరు పడ్డ గిన్నెను దుకాణదారు తిరిగి తీసుకోడు.

దేశవాళీ వరి విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పుజారి ఈ బొయిపరిగుడ ప్రాంతపు పత్రపుట్ గ్రామంలో ఉండేవారు. గింజ విషయంలో అంత శ్రద్ధ చూపిన నేల ఇది. ఆ గింజ ఉడికే గిన్నె మీద, ఉడికిన తరువాత నిలవ ఉండే గిన్నె మీద కూడా అంత శ్రద్ధ పెడదాం. ఈ రాత్రి అంబలి ఏ గిన్నెలో ఉందో ఒక్కసారి చూడండి. సిల్వరు డేగిసాలో ఉంటే కుండలోకి మార్చండి.