పదునేడవ శతాబ్ది చివరి పదేండ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. పగలు పద్దులు వ్రాసికొని, రాత్రి దీపము వెలుగున భారత భాగవతములు కూడబలుకుకొని నేర్చినవాడను. కావున చరిత్రను గూడ లెక్కలవాని కంటితోనే చూతును. 1690 మొదలు 1700 వరకు లోకమున జరిగినవి కొన్ని, అవి మన ఓరుగల్లు సీమకు సోకిన తీరును మనవి చేసెదను. అప్పటికే మన రామప్ప దేవళమునకు దాదాపు అయిదువందల యేండ్ల ప్రాయము. రేచర్ల రుద్రుని శాసనము 1213 నాటిది గదా!

1687లో, ఎనిమిది మాసముల ముట్టడి పిదప, గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీ యయ్యెను. దానితో దక్కనున యుద్ధము ముగియలేదు. 1689లో శంభాజీని చంపించిన తరువాత ఆయన తమ్ముడు రాజారాము తమిళదేశపు చెంజి కోట చేరెను. 1690లో జుల్ఫికర్ ఖాను దానిని ముట్టడింప బయలుదేరెను. కోట పట్టుబడినది 1698లో! అప్పటికి రాజారాము తప్పించుకొని మహారాష్ట్రమునకు పోయియుండెను. ఎనిమిదేండ్ల ఖర్చునకు జమ యేమన, ఖాళీ కోట.

ఈ ఖర్చు ఎవరి పద్దున పడెను? దక్కను సర్దారులను తనవైపు త్రిప్పుకొనుటకు పాదుషా వారికి పెద్ద పెద్ద హోదాలిచ్చెను. హోదాకు తగిన జాగీరు కావలెను. హోదాలు పెరిగినవి గాని భూమి పెరుగదు గదా! పైగా జాగీరుదారులను తరచు మార్చుచుండిరి. రెండు మూడేండ్లలో విడిచిపోవలసినవాడు చెరువుకట్ట బాగుచేయునా? చేతికందినంత పిండుకొని పోవును. కాకతీయులనాటి చెరువుల క్రింద బ్రదుకు మనబోటివారికి ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

అదే కాలమున ఇంగ్లండు రాజునకును యుద్ధ వ్యయము తప్పలేదు. ఫ్రాన్సుతో పోరుచున్న మూడవ విలియము కొరకు 1694లో ఇంగ్లండు బ్యాంకు పుట్టెను. వర్తకులు పండ్రెండు లక్షల పౌనులు నూటికి ఎనిమిది వడ్డీకి అప్పిచ్చిరి. ఆ దొరలు ధర్మాత్ములని నేననను. అయినను అప్పునకు పత్రము, వడ్డీకి లెక్క యుండెను. అంత పెద్ద మన పాదుషాకు ఆ యుపాయము లేకపోయెను. ఆ యుద్ధపు సెగ మన తీరమును గూడ తాకెను: 1693లో డచ్చివారు ఫ్రెంచివారినుండి పుదుచ్చేరిని గైకొనిరి, 1697 నాటి సంధి ననుసరించి తిరిగి యిచ్చిరి. కలకత్తాలో ఇంగ్లీషువారు కుదురుకొన్నదియు 1690లోనే.

కృష్ణాతీరపు కొల్లూరు గనిలో ఈ దశకపు చివర ఒక పెద్ద వజ్రము దొరకెనని చెప్పుదురు. చెన్నపట్టణపు గవర్నరు థామస్ పిట్టు దానిని 48,000 వరహాలకు కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌనులకు అమ్మెను. నేడది పారిస్ ప్రదర్శనశాలలో నున్నది. కొల్లూరు పులిచింతల జలాశయపు నీట నున్నది.

ఇక మన సీమ మాట. శిస్తుల యొత్తిడి, అధికారుల బలహీనత కలిసిన ఆ శతాబ్ది చివరి యేండ్లలోనే కల్లుగీత కులమున పుట్టిన సర్వాయి పాపన్న తల యెత్తెను. తరికొండ, షాపురములలో కోటలు కట్టించెను. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టెను. 1710లో మొగలాయీలు అతనిని చంపించిరి. ఖాఫీ ఖాను తన చరిత్రలో అతనిని దొంగ యని వ్రాసెను. జనము అతనిని వీరుడని పాడుకొనిరి. నా మట్టుకు రెండు పద్దులును ఉంచవలసినవే. బాటసారులను, వర్తకులను దోచినమాట నిజము. వారి యిండ్ల స్త్రీలను గూడ చెరపట్టెను. అయితే బంజారాల యెద్దులను పట్టి వానిచేత పొలము దున్నించెనట! దున్ను దొంగను పురాణములలోనైన నేను చూడలేదు.

ఆ పాపన్న పాటను బాయిల్ అను దొర సేకరించి 1874లో అచ్చు వేయించెను. పల్లెపల్లెకు పాట మారుచుండును. మన యూరి పెద్దలలో ఆ పాట యెరిగినవారు శుక్రవారము సాయంకాలము గ్రంథాలయమునకు దయచేసి పాడిన, కాగితము, కలము నావి. వ్రాసికొని బీరువాలో భద్రపరచెదను.