ఓటు లేని వాళ్ళు అడిగిన ప్రశ్న

(ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 మే మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. పోపు ఫ్రాన్సిస్ ఏప్రిల్ 21న కాలం చేశారు. కొత్త పోపును ఎన్నుకోవడానికి 133 మంది కార్డినల్స్ మే 7న వాటికన్‌లో తలుపులు మూసుకుని కూర్చున్నారు. ప్రపంచమంతా ఆ పొగగొట్టం వైపే చూసింది. అదే వారం, అదే రోములో ఇంకో సభ జరిగింది. ఎన్నో దేశాల నుంచి దాదాపు 900 మంది కన్యస్త్రీ మఠాల అధినేత్రులు మే 5 నుంచి 9 దాకా సమావేశమయ్యారు. పోపు ఎన్నికలో వాళ్ళలో ఒక్కరికి కూడా ఓటు లేదు.

నేను మాట్లాడబోయేది ఈ రెండో సభ గురించి. నేను కథోలికుణ్ణి కాను. మత విషయాలు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఓటు లేని వాళ్ళు ఒకచోట చేరితే ఏం చేయగలరన్నదే నా ఆసక్తి. ఈ హాల్లో ఉన్న మనలో చాలామందికి కూడా ఓటు లేదు కదా!

సిస్టర్లు మనకు కొత్తవాళ్ళు కారు. మనలో ఎందరో వాళ్ళ బడుల్లో చదివాం. ఆస్ట్రేలియా నుంచి 1920లో గుంటూరు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ కన్యస్త్రీగా అక్కడే దశాబ్దాల పాటు వైద్యం చేశారు. 1943లో ఆమె మొదలుపెట్టిన కథోలిక ఆస్పత్రుల సంఘానికి ఇప్పుడు సికింద్రాబాదులో కేంద్ర కార్యాలయం ఉంది.

ఈ మఠాల అధినేత్రుల అంతర్జాతీయ సమాఖ్య 1965లో ఏర్పడింది. మూడేళ్ళకోసారి రోములో మహాసభ జరుపుతుంది. 2016 మేలో అలాంటి సభకు వచ్చిన సిస్టర్లు పోపు ఫ్రాన్సిస్‌ను కలిశారు. ఆశీర్వాదం తీసుకుని, ఫోటో దిగి వెళ్ళిపోలేదు. ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగారు. అందులో ఒకటి: తొలినాటి చర్చిలో స్త్రీ డీకన్లు ఉండేవారు కదా, ఇప్పుడు ఎందుకు ఉండకూడదు? దీన్ని పరిశీలించడానికి ఒక సంఘం ఎందుకు వేయకూడదు?

ఆయన సరేనన్నారు. ఆగస్టులో సంఘం వేశారు. ఆరుగురు స్త్రీలు, ఆరుగురు పురుషులు సభ్యులు. 2019 మహాసభలో, సంఘంలో ఏకాభిప్రాయం రాలేదని ఆ సిస్టర్లకే చెప్పారు. 2020లో మరో సంఘం వేశారు. డీకన్ పదవి మాత్రం రాలేదు. మరి అడిగి ఏం లాభం అని మీరనవచ్చు.

ఇంకో సంగతి చూడండి. 2018లో రోములో జరిగిన బిషప్పుల సినడ్‌లో, గురుపట్టం లేని ఇద్దరు బ్రదర్లు తమ సభలకు అధినేతలుగా ఓటు వేశారు. అదే హోదాలో ఉన్న సిస్టర్లకు ఓటు లేదు. ఇదేం న్యాయమని సిస్టర్లు బహిరంగంగానే అడిగారు. ఆ తర్వాతి సినడ్‌లోనూ అడిగారు. 2023 సినడ్‌లో మొదటిసారి స్త్రీలకు ఓటు వచ్చింది. అందులో ఐదుగురు ఈ సమాఖ్య ఎన్నుకున్న సిస్టర్లే. 2025 జనవరిలో సిస్టర్ సిమోనా బ్రాంబిల్లా వాటికన్‌లో ఒక శాఖకు అధిపతి అయ్యారు. ఆ స్థాయిలో ఒక స్త్రీని కూర్చోబెట్టడం అదే మొదటిసారి. ఒక తలుపు తెరుచుకోలేదు, ఇంకోటి తెరుచుకుంది.

తలుపులు తెరుచుకునే దాకా వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు కూడా. మనుషుల అక్రమ రవాణా మీద పని చేయాలని 2001 సభలో నిర్ణయించుకున్నారు. 2009లో తలితా కుమ్ అనే నెట్‌వర్క్ పెట్టారు. ఆ మాటకు ‘అమ్మాయీ, లే’ అని అర్థం. ఇప్పుడది 90కి పైగా దేశాల్లో పని చేస్తోంది. బయలుదేరిన ఊళ్ళో ఒక సిస్టరు, చేరిన నగరంలో ఒక సిస్టరు, మధ్యలో ఒక ఫోను. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక మన సంగతి. పాస్‌పోర్టు మార్చుకోని వాళ్ళకు ఇక్కడ ఓటు లేదు. 2011 నుంచి ఇండియాలో ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు గానీ, ఓటు వేయాలంటే విమానమెక్కి ఆ బూత్‌కే వెళ్ళాలి. సరే, ఓటు లేదు. నోరు కూడా లేదా? మన రాష్ట్రాల నుంచి మంత్రులు వస్తారు. దండలు వేస్తాం, భోజనాలు పెడతాం, ఫోటోలు దిగుతాం. ప్రశ్న మాత్రం ఒక్కటీ అడగం.

గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు కూడా ప్రవాసులే. ముప్ఫై ఏళ్ళలోపు స్త్రీలు ఆ పనికి అక్కడికి వెళ్ళకూడదని మన ప్రభుత్వ నిబంధన ఉంది. దాన్ని తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెడతారు. పనిమనిషి పాస్‌పోర్టును యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్‌లో 2015లో చట్టం వచ్చింది. ఆ చట్టం ఉన్నట్టు విమానమెక్కే మనిషికి ఎవరు చెబుతున్నారు?

నా ప్రతిపాదనలు రెండే. ఇకమీదట ఏ నాయకుడు మన వేదిక ఎక్కినా ఈ ఆడవాళ్ళ గురించి ఒక ప్రశ్న రాసి అడుగుదాం. జవాబు మన పత్రికలో వేద్దాం, మళ్ళీ వచ్చినప్పుడు అదే అడుగుదాం. రెండోది, ఊళ్ళో ఒక మనిషి, గల్ఫ్‌లో ఒక మనిషి, మధ్యలో మన ఫోను. సాఫ్ట్‌వేర్ మనకు తెలిసిన పనే. నమ్మకంగా ఫోను ఎత్తే మనుషులే కావాలి. పేర్లు ఇచ్చేవాళ్ళు ఈ రోజే ఇవ్వండి.

సెలవు.