రొమ్ము కాన్సరు: లెక్క చెప్పునది, చెప్పనిది
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను, జమాఖర్చులు వ్రాసికొనువాడను. రొమ్ము కాన్సరు వచ్చిన స్త్రీని, అందును బిడ్డలు లేని యామెను, “ఏ పాపము చేసినదో” యని ఆడిపోసికొనుట మన యూళ్లలో నేటికిని వినబడుచున్నది. ఆ మాట యెంత యసత్యమో లెక్కల వలననే చూపదలచితిని.

ఈ విచారణ చాల పాతది. 18వ శతాబ్ది తొలినాళ్లలోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని, క్రైస్తవ సన్యాసినులలో ఈ వ్యాధి మెండుగా నున్నదని గుర్తించెను. 1926లో ఇంగ్లండున జానెట్ లేన్-క్లేపన్ అను వైద్యురాలు, వ్యాధి గలవారిని సుమారు 500 మందిని, లేనివారిని అంతమందిని పోల్చి లెక్క తీసెను. 2002లో 30 దేశముల 47 పరిశోధనలను ఒక్కచోట కూర్చి చూడగా, ఒక్కొక్క కాన్పునకు ఉన్న ముప్పులో నూటికి 7 వంతులును, బిడ్డకు పాలిచ్చిన ప్రతి 12 నెలలకు 4.3 వంతులును తగ్గునని తేలినది.

కారణమేమి? అండాశయములలో పుట్టు ఈస్ట్రోజను మొదలగు హార్మోనులు నెలనెలా రొమ్ములోని కణములను వృద్ధి పొందించును. కావున చిన్ననాటనే రజస్వలలైనవారికిని, ఆలస్యముగా ముట్లుడిగినవారికిని ముప్పు కొంత హెచ్చు. గర్భధారణమున, పాలిచ్చుటయందు ఆ కణములు పరిపక్వమగును. అయినను కాన్పు జరిగిన పిదప కొన్నియేండ్లు ముప్పు కొంచెము పెరిగి, ఆ మీదటనే తగ్గును. తొలి కాన్పు 30 యేండ్లు దాటి జరిగినచో ఆ మేలు స్వల్పము.

ఇది వేలకొలది స్త్రీల లెక్క. గ్రామపు సగటు దిగుబడిని చూచి, ఫలానా రైతు చేన నెన్ని బస్తాలు పండునో చెప్పగలమా? ఆరుగురిని కని పాలిచ్చి పెంచిన తల్లికిని ఈ వ్యాధి రావచ్చును. బిడ్డలు లేనివారిలో అధిక సంఖ్యాకులకు రానే రాదు. వయస్సు, వంశము, స్థూలకాయము, మద్యపానము కూడ ఈ లెక్కలో చేరును. పాపమను పద్దు ఇందెక్కడను లేదు.

ఈ మాట విని ఆడుబిడ్డలకు త్వరపడి పెండ్లి చేయవలెనని యెవ్వరును తలపరాదు. 18 యేండ్లు నిండని పెండ్లి చట్టవిరుద్ధము. పసితనపు కాన్పు తల్లీబిడ్డల ప్రాణములకే గండము.

అమ్మలారా! రొమ్మున గడ్డ తగిలినను, చర్మము సొట్టపడినను, చనుమొన క్రొత్తగా లోనికి పోయినను, నెత్తురు స్రవించినను వెంటనే వైద్యునికి చూపుడు. తొలిదశలో గడ్డ తరచుగా నొప్పి పెట్టదు. అందుచేతనే ఉపేక్ష కలుగుచున్నది. సిగ్గుపడి మాసములు గడపవలదు. తొలినాళ్లలో పట్టుబడినచో చికిత్స వలన నయమగుటకు అవకాశము మెండు.

అన్నలారా! ఇంటి యిల్లాలు ఈ మాట చెప్పినపుడు “కోతలు కానిమ్ము, తరువాత చూతము” అనకుడు. ఏ పంటయు ఆమె ప్రాణము కంటె విలువైనది గాదు.