అంతర్జాలపు పుటలు - అక్షరాల జల్లెడ

అంతర్జాలమున ఒక వార్తను చదువబోయినవారికి ముందుగా ఎదురగునది వార్త కాదు. ప్రకటనలు, కదలెడు బొమ్మలు, అనుమతి కోరు పెట్టెలు, కంటికి కనబడక పనిచేయు ప్రోగ్రాములు ముందు దిగివచ్చును. పది వాక్యముల వార్త పిదప వచ్చును. వేగముగల లైనున్న ఇంటివారికి ఇది చిరాకు మాత్రమే. సిగ్నలు అందీ అందని పల్లెలో, పాత కంప్యూటరుతో నెట్టుకొనివచ్చు కుటుంబమునకు ఇది చదువునకే అడ్డుగోడ. చూపులేక, చదివి వినిపించు యంత్రముపై ఆధారపడినవారి కష్టము ఇంకను ఎక్కువ. అక్షరములను మాత్రమే చూపు ఒక చిన్న పఠన సాధనమును ఇంటనే కూర్చుకొనుట ఎట్లో ఈ ప్రసంగమున వివరింతుము.

ఇది క్రొత్త ఊహ కాదు. టిమ్ బర్నర్స్-లీ 1991లో జినీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమునుండి వెబ్బును లోకమునకు అందించిన దినములలోనే, నికోలా పెల్లో అను విద్యార్థిని వ్రాసిన సాధనము వరుస వెంబడి వరుసగా అక్షరములనే చూపెడిది. 1992లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున పుట్టిన లింక్స్ అట్టిదే. సిద్ధముగా నున్నది కావలసినవారికి అది చాలును. స్వయముగా చేసికొనుటలోని లాభము వేరు: పుట యెట్లు కట్టబడినదో దానివలన తెలియును.

యునిక్స్, లినక్స్ యంత్రములలో మన ఆజ్ఞను అందుకొని తగిన ప్రోగ్రామును నడుపునది షెల్. ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో వ్రాసిపెట్టినచో అదియే షెల్ స్క్రిప్టు. తోటలో నీటిగొట్టమునకు మరియొక ముక్కను బిగించినట్లు ప్రోగ్రాములను ఒకదానికొకటి బిగింపవలెనని బెల్ లాబొరేటరీస్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లో సూచించెను. 1973లో కెన్ టామ్సన్ దానిని యునిక్స్‌లో అమర్చెను. ఈ ఏర్పాటునకే పైపు అని పేరు. మన సాధనమంతయు ఇట్టి గొట్టముల వరుసయే.

మొదట కర్ల్ అను ప్రోగ్రాము పుటను తెచ్చును. ఆ పుటలో మాటల నడుమ < > గుర్తులలో నిమిడిన ట్యాగులుండును. ఇచట పేరా, ఇచట శీర్షిక, ఇచట బొమ్మ అని అవి తెలుపును. రెండవ పనిగా టీఆర్ చేత పాత వరుసల విరుపులను ఖాళీలుగా మార్చి, పిదప సెడ్ చేత ప్రతి ట్యాగును వేరు వరుసలో నిలుపవలెను. ఈ పనిని దాటవేయరాదు. స్క్రిప్టు ట్యాగు మొదలైన వరుసనుండి ముగిసిన వరుస వరకు తీసివేయుమని సెడ్‌కు చెప్పినచో, అది ముగింపును తరువాతి వరుసనుండియే వెదకును. రెండును ఒకే వరుసలోనున్నచో ముగింపు దానికి కనబడదు. వార్త సయితము చెత్తతో కొట్టుకొనిపోవును.

స్క్రిప్టులను, అలంకారపు సూచనలను తీసివేసిన పిమ్మట, పేరా ట్యాగులున్నచోట పుటలో మరెక్కడను రాని యొక గుర్తునుంచి, తక్కిన ట్యాగులను చెరిపివేయవలెను. అటుపై వరుసలన్నిటిని కలిపి, ఆ గుర్తున్నచోట మాత్రము విరిచినచో పేరాలు తిరిగి ఏర్పడును. ఫోల్డ్ తెర వెడల్పునకు సరిపోవునట్లు వరుసలను మడచును. లెస్ తెరకొక పుటగా చూపును. లంకెలను గ్రెప్‌తో ఏరి, సంఖ్యలు వేసి యుంచినచో, కోరిన సంఖ్యను టైపు చేసి తరువాతి పుటకు పోవచ్చును.

తెలుగు చదువువారు గమనింపవలసిన విషయమొకటి కలదు. కెన్ టామ్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కటి మూడు బైట్ల చోటు తీసికొనును. కంటికి ఒక్క అక్షరమైన 'శ్రీ' నాలుగు సంకేతములు, అనగా 12 బైట్లు. ఈ బైట్లలో ఏదియు ఇంగ్లీషు అక్షరముల బైట్లతో కలియదు. కనుక జల్లెడలు తెలుగును చెరుపవు. కాని కొన్ని ఫోల్డ్ ప్రోగ్రాములు అక్షరములను గాక బైట్లను లెక్కించి, అక్షరమును నడుమనే కోయును. ఖాళీలయొద్దనే విరువుమని చెప్పినచో ఈ చిక్కు చాలవరకు తీరును. ఇట్లు శుభ్రపడిన పాఠమును ఈస్పీక్ ఎన్‌జీ అను ఉచిత ప్రోగ్రామునకు అందించినచో తెలుగున చదివి వినిపించును. ఆ కంఠము యంత్రకంఠమే. అయినను ప్రకటనల గోల లేక వార్త చెవిని పడును.

జాగ్రత్తలు రెండు. వెబ్ చిరునామాలలో వచ్చు కొన్ని గుర్తులు షెల్‌కు ఆజ్ఞలవలె తోచును. కావున చిరునామాను ఎల్లప్పుడును కొటేషన్ గుర్తుల నడుమ నుంచవలెను. పరుల పుటనుండి వచ్చిన మాటలను ఆజ్ఞలుగా ఎన్నడును నడుపరాదు.

ఈ సాధనమునకు హద్దులును కలవు. తెరపై స్క్రిప్టుచేతనే అల్లబడు పుటలు దీనిలో ఖాళీగా కనబడును. బ్యాంకు పనులకు ఇది తగదు. ఒక పుటకు కుదిరిన జల్లెడ మరియొక పుటకు కుదరకపోవచ్చును. అయినను వార్త, వ్యాసము, కథ చదువుటకు ఇరువది ముప్పది వరుసల స్క్రిప్టు చాలును. బియ్యములో రాళ్లేరుట వచ్చిన ఇంటికి ఈ పని కష్టము కాదు. ఏది గింజయో, ఏది రాయియో నిర్ణయించు అధికారము వండువారి చేతనుండుట మంచిది. చదువు విషయమునను అంతే.