ఫోను ఆటలు, పిల్లల కోపం
(కాటన్‌పేటలో కార్మిక కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు జీతం, బోనసుల సంగతి పక్కన పెట్టి మన పిల్లల చేతిలోని ఫోను గురించి మాట్లాడతాను. "తుపాకీ ఆటలు ఆడీ ఆడీ మావాడు మొండికేస్తున్నాడు, రేపు ఎవరినైనా కొడతాడేమో" అని తల్లులు భయపడుతున్నారు. ఆ భయం ఊరికే రాలేదు. 2019 సెప్టెంబరులో మన రాష్ట్రంలోనే, బెళగావి దగ్గర కాకతిలో, పబ్‌జీ ఆడవద్దన్నందుకు 21 ఏళ్ల కొడుకు తండ్రిని చంపాడని పత్రికలు రాశాయి.

అయితే ఒక్క సంగతి ఆలోచించండి. ఆ ఆటను మన దేశంలో 17 కోట్లకు పైగా సార్లు ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. ఆటే మనిషిని హంతకుణ్ణి చేసేదైతే వీధికొక హత్య జరగాలి. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్‌జీతో సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు కూడా చెప్పిన కారణం దేశ భద్రతే.

శాస్త్రజ్ఞుల మాట ఏమిటి? ఇలాంటి ఆటలకూ, అరవడం, తోయడం వంటి దుడుకుతనానికీ కొద్దిపాటి సంబంధం ఉందనీ, హత్యలకూ దాడులకూ ఆటలే కారణమనడానికి తగిన ఆధారం లేదనీ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో ప్రకటించింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాదాపు 1,000 మంది 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలనూ, వారి తల్లిదండ్రులనూ అడిగి చూస్తే ఆ కొద్దిపాటి సంబంధమూ కనబడలేదు.

మరి నష్టమే లేదా? ఉంది. నిద్ర పోతుంది, చదువు పోతుంది. ఆట మానలేని స్థితిని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. తిండి, నిద్ర, బడి అన్నిటికన్నా ఆటే ముఖ్యమై, ఏడాదిపాటు అలాగే సాగితే అది జబ్బు. మన బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి వారి కోసం 2014లోనే 'షట్ క్లినిక్' తెరిచారు.

మన ఇళ్ల సంగతి చూడండి. రాత్రి షిఫ్టు చేసిన తండ్రి పగలు పడుకోవాలి. తల్లి గార్మెంట్స్‌కు పోవాలి. ఉన్నది ఒకటే గది. పిల్లవాడు గోల చేయకుండా ఫోను ఇచ్చేది పెద్దలే. అలసిపోయి వచ్చి అదే ఫోను లాక్కుని చెంప వాయించేదీ పెద్దలే. బలమున్నవాడు కొట్టి మాట నెగ్గించుకోవచ్చన్న పాఠం పిల్లవాడికి అక్కడే అందుతోంది.

కనుక నేను కోరేది ఇది. ఫోను పగలగొట్టకండి, పిల్లవాణ్ణి కొట్టకండి. వాడి పక్కన కూర్చుని ఏమి ఆడుతున్నాడో చూడండి, ఎంతసేపు ఆడాలో ముందే మాట్లాడుకోండి. రాత్రి పడుకునే చోట ఫోను ఉంచకండి. చేయి దాటిందనిపిస్తే సిగ్గుపడక ఆసుపత్రికి తీసుకుపోండి.

యూనియన్‌గా మనం చేయాల్సిందీ ఉంది. ఈ సందుల్లో పిల్లలకు బంతాడే చోటు తక్కువ. సర్కారు బడుల ఆవరణలు సాయంత్రం పూట మన పిల్లలకు తెరవాలని అర్జీ రాద్దాం. దాని మీద ఈ రోజే అందరూ సంతకాలు చేయాలని మనవి.