ఇంటికి క్రొత్తగా వచ్చిన బాంటం కోళ్ళు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతవరకు మాటలాడిన పెద్దలు గ్రంథాలయోద్యమమును గూర్చియు, సాహిత్యమును గూర్చియు చక్కగా ప్రసంగించిరి. వారి వెనుక నేను లేచి కోళ్ళను గూర్చి మాటలాడుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కార్యదర్శిగారు, "మీకు బాగుగా తెలిసిన విషయ మేదైనను చెప్పుడు" అని కోరిరి. నాకు బాగుగా తెలిసినది ఇది ఒక్కటియే. అదియు చదివి నేర్చుకొన్నది కాదు. ముందు పాడుచేసి, తరువాత చదివి తెలిసికొన్నది.

ఈ మధ్య మన ప్రాంతమున చిన్నజాతి కోళ్ళపై మోజు పెరిగినది. కిలో బరువైనను తూగని పుంజు రొమ్ము విరుచుకొని సంతలో కూయుచుండగా పిల్లలు మారాము చేయుదురు, పెద్దలు కొనుదురు. బాంటం అనునది జావా ద్వీపపు పడమటి భాగమున ఉన్న ఒక రేవు పేరు. అచ్చటి చిన్నకోళ్ళను ఓడలలో చూచిన ఐరోపావారు వానికి ఆ ఊరి పేరు పెట్టిరి. పిమ్మట ఏ దేశపు పొట్టికోడికైనను అదే పేరు చెల్లినది. ఆ ఊరికిని మనకును దూరపు చుట్టరికము కూడ కలదు. ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్టణమున పెట్టిన కొఠీ తొలిదినములలో బాంటం కొఠీకి లోబడియే యుండెను.

ఇక నా కథ. ఏడు సంవత్సరముల క్రిందట మా మనుమరాలి ముచ్చట తీర్చుటకు నేను సంతలో మూడు బాంటం పెట్టలను, ఒక పుంజును కొంటిని. చీకటి పడువేళకు ఇల్లు చేరి, గంప మూత తీసి, మా నాటుకోళ్ళ గూటిలోనే వానిని వదలితిని. అమ్మినవాడు, "టీకాలు వేయించాము బాబూ" అనెను. నేను నమ్మితిని. నమ్ముట సులభము గదా.

అయిదవనాడు క్రొత్త పెట్టలలో ఒకటి ముక్కు తెరచి ఎగరోజుటయు, ఆకుపచ్చని నీళ్ళవంటి రెట్ట వేయుటయు చూచితిని. తరువాత మా నాటుపెట్ట మెడ మెలితిరిగి వెనుకకు వ్రాలినది. పది దినములలో మా దొడ్డిలో పదునాలుగు కోళ్ళు పోయినవి. మా కోళ్ళును, ప్రక్క ఇంటి పిన్నిగారి కోళ్ళును ఒకే దిబ్బమీద గీరుకొని తినునవి. ఆమెకు పదకొండు కోళ్ళు. గ్రుడ్లు అమ్మి వచ్చిన డబ్బుతో నెలనెలా మందులు కొనుకొనెడిది. ఆమె దొడ్డియు ఖాళీ అయినది.

అప్పుడు నేను ఈ గ్రంథాలయమునకే వచ్చి, పశువైద్యమునకు సంబంధించిన పుస్తక మొకటి తీసి చదివితిని. మనవారు కొక్కెర తెగులు అనునదియే రాణీఖేత్ వ్యాధి. దీనిని 1926లో మొదట జావాలోనే గుర్తించిరట. ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులోని న్యూకాజిల్ వద్ద, ఆ వెంటనే మన కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్ద కనబడినది. చిన్నకోడికి పేరిచ్చిన దీవి నుండియే ఈ రోగపు తొలి వార్తయు వచ్చినదని చదివినపుడు నా మనస్సు కలుక్కుమనినది. రోగము పట్టిన పిదప మందు లేదు. ముందుగా వేయించు టీకా ఒక్కటే రక్ష.

అది చదివి నేను ఊరకుంటిని. పిన్నిగారితో చెప్పుటకు నోరు రాలేదు. రెండు నెలలు గడచిన పిమ్మట ఒకనాటి సాయంకాలము వెళ్ళి, రోగము నా కోళ్ళతోనే వచ్చినదని చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "పోయినవి ఎలాగూ పోయాయి అబ్బాయీ. కాని నువ్వు ఆ వారమే చెప్పి ఉంటే, బాగున్నాయి కదా అని ఆ రెండు పెట్టల్నీ మా అమ్మాయి ఊరికి పంపేదాన్నా?" అనెను. ఆ ఊరిలో ఎన్ని పోయినవో నేను అడుగలేదు. ఆమెయు చెప్పలేదు. పిన్నిగారు ఇప్పుడు ఈ సభలో ముందువరుసలో కూర్చుండియున్నారు. వారి అనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాను.

కనుక క్రొత్త కోడి వచ్చినపుడు మొదట చేయవలసినది దానిని విడిగా ఉంచుట. కనీసము మూడు వారములు. నాలుగైనచో మరియు మంచిది. పైకి నిగనిగలాడు కోడిలో కూడ రోగబీజ ముండవచ్చును. కొక్కెర సాధారణముగా వారము లోపల బయటపడును గాని, ఒక్కొక్కప్పుడు రెండు వారములు దాటియు కనబడును. విడిగా ఉంచుట యనగా తడిక కడ్డముగా ఉంచుట కాదు; దొడ్డికి ఆ కొనను ఉంచుట. మేత వేయునపుడు ముందు పాతకోళ్ళకు, పిదప క్రొత్తవానికి. వాని నీళ్ళ మూకుడు వేరు, చీపురు వేరు. మన కాళ్ళును చేతులును రోగమునకు బండ్లవంటివి. కడుగుకొనక అటునుండి ఇటు రాగూడదు. రెక్కల క్రిందను, రెట్ట ద్వారము చుట్టును ఈకలు విడదీసి పేలున్నవేమో చూడవలెను. టీకా వేయించినట్లు నమ్మకము లేనిచో పశువైద్యశాలవారిని అడుగుడు. పిల్లలకు మొదటివారములో కంటిలోనో ముక్కులోనో చుక్కగా వేయుదురు. ఎనిమిది వారముల ప్రాయమున సూదిమందు ఇత్తురు.

ఇంతయు రోగమును గూర్చి. కోడి మనస్సును గూర్చియు కొంత చెప్పవలెను. గంపలో ఎగిరెగిరిపడి వచ్చిన ప్రాణికి మొదట కావలసినది నీరు, నీడ, నిశ్శబ్దము. పిల్లలను ఆనాడు చేరనీయకుడు. మా మనుమరాలిని ఆపుట కోళ్ళను ఆపుటకంటె కష్టమైనది. అమ్మినవాడు నూకలు పెట్టుచుండెనో, సజ్జలు పెట్టుచుండెనో అడిగి, కొన్ని దినములు అదియే పెట్టి మెల్లగా మార్చవలెను. ఇల్లు మారిన పెట్ట కొన్ని వారములు గ్రుడ్డు పెట్టకపోవచ్చును. దానికై అమ్మినవానిని తిట్ట నక్కరలేదు.

బాంటం కోడి తేలికైనది, చక్కగా ఎగురును. పైకప్పు లేని గూటిలో పెట్టినచో మరునాడు పొరుగువారి చింతచెట్టుపై కనబడును. గూటిలో చీకటిపడగానే ఎక్కుటకు కర్ర అమర్చవలెను. పగటి వెలుతురు వచ్చు గూటిలోనే ఈ మూడు వారములును గడపినచో అదియే తన ఇల్లని దానికి తెలియును. మొదటిసారి బయటికి వదలునది ఉదయము కాదు, ప్రొద్దు గ్రుంకుటకు గంట ముందు. ఆకలితో ఉంచి వదలవలెను. దూరము పోవు వ్యవధి ఉండదు, మేత గిన్నె చప్పుడు వినగానే గూటికి మరలును. ముంగిసకు, పిల్లికి ఈ చిన్నకోళ్ళు సులభముగా చిక్కును గనుక రాత్రి తలుపు గడియను మరువరాదు.

పాతకోళ్ళతో కలుపుట వేరొక ఘట్టము. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడువవచ్చునను క్రమ మొకటి కలదు. నార్వే దేశీయుడగు షెల్డెరప్ ఎబ్బె అనునాయన దీనిని బాల్యమునుండియు గమనించి, 1921 ప్రాంతమున గ్రంథస్థము చేసెను. మన దొడ్లలో స్త్రీలు అంతకు ముందే దీనిని ఎరుగుదురు, వ్రాసి పెట్టలేదంతే. క్రొత్తకోడి వచ్చినచో ఆ క్రమము మరల మొదటినుండి తేలవలెను. ఎడము గడువు ముగిసిన తరువాత వారము దినములు వలచాటున ఒకదాని నొకటి చూచుకొననిచ్చి, పిదప రాత్రివేళ నిద్రలో నున్నపుడు పాతవాని ప్రక్క కర్రపై కూర్చుండబెట్టవలెను. చీకటిలో కోడికి చూపు ఆనదు. పోట్లాట లేచుటకు వీలు తక్కువ. తెల్లవారుజామున మాత్రము మీరు అచ్చట ఉండవలెను. మేత రెండు మూడు చోట్ల వేయుడు. కొంత పొడుచుకొనుట సహజము. నెత్తురు కనబడినచో వెంటనే విడదీయుడు. ఒంటరి బాంటంను పెద్దకోళ్ళ నడుమ విడుచుట కూడదు, రెండైనను ఉండవలెను. పుంజు చిన్నది గదా యని ఏమరకుడు. దాని కోపము దాని కొలతలో ఉండదు.

ఇంత శ్రమ యెందుకని మీ రడుగవచ్చును. బాంటం పెట్ట పొదుగుటలో మిక్కిలి ఓర్పు కలది. నాటుకోడి గ్రుడ్లు నాలుగైదు పెట్టినను ఇరువదియొక్క దినములు కదలక కూర్చుండి పిల్లలను తీయును.

ఈ నెలలో నేను మరల రెండు బాంటం పెట్టలను తెచ్చితిని. తెచ్చినదినముననే నాలుగిండ్లవారికిని చెప్పితిని. అవి మా దొడ్డి చివరి పాకలో పందొమ్మిది దినములుగా ఉన్నవి. మేత బాగుగా తినుచున్నవి, రెట్ట గట్టిగా ఉన్నది. మొదటి పొదుగునకు పిన్నిగారి దొడ్డిలోని గ్రుడ్లే పెట్టుటకు ఒప్పందమైనది. చూడదలచినవారు రావచ్చును, వచ్చే ఆదివారము వరకు మాత్రము తడిక ఇవతలనే నిలువవలెను, చెప్పులు వీధిగుమ్మము వద్ద విడువవలెను.